కంటి వైద్యమున కృత్రిమ మేధ – పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన విషయములు

సూళ్లూరుపేట మండలములోని ఒక గ్రామమున జరిగిన ఉచిత నేత్ర శిబిరమునకు ఇటీవల మేము పోయియుంటిమి. పాఠశాల వరండాలో బల్లలు వేసిరి. పులికాటు సరస్సున చేపల వేటకు పోవువారు, వరి మళ్లలో పనిచేయు కూలీలు, శ్రీసిటీ కర్మాగారములకు బస్సులలో పోయివచ్చు యువకులు వరుసలో నిలిచియుండిరి. ఒక యువకుడు చిన్న కెమెరాతో ఒక్కొక్కరి కంటి లోపలి భాగమును చిత్రము తీయుచుండెను. వరుసలో ఒక వృద్ధురాలి వంతు వచ్చినది. "అవ్వా, కదలకుండా ఆ పచ్చ దీపం వైపు చూడు" అని అతడు చెప్పగా ఆమె అట్లే చూచెను. చిత్రము తీయుట ముగిసిన పిదప ఆమె లేవక, "నాయనా, నా కన్ను బొమ్మ తీసుకుంటిరి గదా, అది యాడికి పోతాది? ఎవురు చూస్తారు?" అని అడిగెను. యువకుడు నవ్వి, "కంప్యూటరు చూస్తాదవ్వా" అనెను. "ఆ కంప్యూటరు ఎవురిది?" అని ఆమె మరల ప్రశ్నించెను.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఆ శిబిరమున ఒక్కరును లేకపోయిరి. ఏర్పాటు చేసినవారు చెప్పలేదు. పక్కన కూర్చున్న పంచాయతీ సభ్యులు చెప్పలేదు. మేమును చెప్పలేకపోతిమి. అక్షరము రాని ఆ అవ్వ అడిగిన రెండు ప్రశ్నలే నేడు దేశదేశముల వైద్యులను, న్యాయకోవిదులను ఆలోచింపజేయుచున్నవి. గ్రామమునకు పెద్దలైన పంచాయతీ సభ్యులకు ఈ విషయము తెలిసియుండుట అవసరమని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

కంటి చిత్రములో ఏమున్నది?

కంటి వెనుక భాగమున పలుచని పొర యొకటి కలదు. దీనిని రెటీనా అందురు. శరీరమును కోయకుండ, సూది గుచ్చకుండ రక్తనాళములను కన్నులారా చూడగల చోట్లలో ఇది యొకటి. మధుమేహము ముదిరినవారికి ఈ నాళములు చెడి, రక్తము చిమ్మి, చూపు పోవును. ఇందు నొప్పి యుండదు. రోగికి తెలియునప్పటికి చాల ఆలస్యమై యుండును. ముందుగా కనుగొన్నచో లేజరు చికిత్స వలనను, ఇంజెక్షన్ల వలనను చూపును చాలవరకు కాపాడవచ్చును. కావున ఇట్టి శిబిరములు గ్రామమునకు మేలు చేయునవే. ఈ పాఠము చదివి ఎవరును కంటి పరీక్షకు వెనుదీయరాదు.

అయితే ఆ చిత్రము చెప్పునది కంటి జబ్బు మాత్రమే కాదు. రెటీనాలోని నాళముల అల్లిక ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తీరుగా నుండునని న్యూయార్కు వైద్యులైన సైమన్, గోల్డుస్టీన్ అనువారు 1935లోనే తెలిపిరి. వ్రేలిముద్ర వలె అదియు మనిషిని గుర్తుపట్టు ఆనవాలు. 2018లో గూగుల్ సంస్థ పరిశోధకులు 2,84,335 మంది కంటి చిత్రములతో యంత్రమునకు శిక్షణ యిచ్చి, చిత్రమును మాత్రమే చూచి ఆ మనిషి ఆడో మగో, వయస్సు సుమారెంతో, పొగ త్రాగువాడో కాదో, రక్తపు పోటు ఏ మాత్రమో అంచనా వేయవచ్చునని చూపిరి. అనుభవజ్ఞుడైన వైద్యుడు సైతము చిత్రమును చూచి వీనిని చెప్పజాలడు.

ఆధార్ కొరకు తీసికొన్నది రెటీనా కాదు. ఐరిస్, అనగా కంటి నల్లగ్రుడ్డులో పాప చుట్టునున్న రంగు పొర. శిబిరములో తీయు లోపలి చిత్రము వేరు, ఆధార్ చిత్రము వేరు. ఈ రెంటిని కలిపి భయపడ నక్కరలేదు. కాని శుక్లమును చూపుటకు కంటి ముందు భాగమును దగ్గరగా తీసిన ఫోటోలో ఐరిస్ కూడ కానవచ్చును. కావున దానిని సైతము నిర్లక్ష్యముగా చేతులు మార్చరాదు. సంకేతపదము బయటపడినచో మరియొక దానిని పెట్టుకొనవచ్చును. కంటి ఆనవాలు బయటపడినచో మరియొక కన్ను తెచ్చుకొనలేము.

చూచి చెప్పు యంత్రము, కూర్చి చెప్పు యంత్రము

కృత్రిమ మేధ యనగా మనిషి బుద్ధితో చేయవలసిన పనిని కంప్యూటరుచే చేయించుట. కంటి వైద్యమున ఇది రెండు విధములుగా వచ్చినది. మొదటిది చూచి చెప్పు యంత్రము. వేలకొలది చిత్రములను, వానిపై వైద్యులిచ్చిన తీర్పులను చూపి నేర్పినచో, క్రొత్త చిత్రమును చూచి "జబ్బున్నది" లేక "లేదు" అని చెప్పును. 2016లో అమెరికా వైద్య పత్రిక యొకటి ప్రకటించిన గూగుల్ పరిశోధనలో ఇట్టి యంత్రమునకు 1,28,175 చిత్రములతో నేర్పిరి. వానిలో కొన్ని అమెరికావి. తక్కినవి మన దేశపు మూడు ఆసుపత్రులవి. అవి మదురైలో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నైలోని శంకర నేత్రాలయ, బెంగుళూరులోని నారాయణ నేత్రాలయ. సూళ్లూరుపేట నుండి రైలెక్కి చెన్నైకి పోయి కన్ను చూపించుకొనుట మన ప్రాంతమువారికి అలవాటు. దక్షిణ దేశపు సామాన్యుల కన్నులే ఈ యంత్రమునకు ఓనమాలు నేర్పినవన్న మాట. ఆ చిత్రముల నుండి పేర్లు మున్నగునవి తొలగించియే వాడిరి.

రెండవది కూర్చి చెప్పు యంత్రము. దీనినే జనరేటివ్ ఏఐ అనుచున్నారు. 2022 నవంబరు 30న విడుదలయిన చాట్‌జీపీటీ వలన ఇది లోకమునకు పరిచితమైనది. ఇది లెక్కకు మించిన వ్రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో నేర్చుకొని, అడిగిన దానికి క్రొత్త వాక్యములు కూర్చి సమాధానమిచ్చును. బొమ్మలను కల్పించును. మనిషి గొంతును అనుకరించును. డాక్టరు ఆంగ్లమున వ్రాసిన చీటిని తెలుగున చెప్పును. ఆసుపత్రి గుమాస్తాకు ఉత్తరము వ్రాసిపెట్టును. ఇన్ని ఉపకారములు చేయునదే గాని, దీనికి నిజమునకు అబద్ధమునకు గల భేదము తెలియదు. తెలియని చోట కూడ తెలిసినట్లే చెప్పును.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణము

ఈ రెండవ యంత్రమును జాగ్రత్తతో వాడవచ్చునని చూపిన ప్రయత్నమొకటి మన పొరుగుననే జరిగినది. బెంగుళూరులోని శంకర కంటి ఆసుపత్రియు, మైక్రోసాఫ్ట్ సంస్థ యొక్క భారత పరిశోధనశాలయు కలిసి "కాటరాక్ట్ బాట్" అను దానిని తయారుచేసి, దాని ఫలితములను 2024లో ప్రకటించిరి. (ఈ ఆసుపత్రి వేరు, చెన్నైలోని శంకర నేత్రాలయ వేరు.) శుక్లము ఆపరేషను చేయించుకొను రోగులు, వారి వెంట వచ్చినవారు తమ సందేహములను వాట్సాప్ ద్వారా, తెలుగుతో సహా పలు భాషలలో, వ్రాసి గాని నోటితో చెప్పి గాని అడుగవచ్చును. ఆపరేషనుకు ముందు భోజనము చేయవచ్చునా, తలస్నానము ఎప్పుడు చేయవలెను మొదలగునవి అట్టి సందేహములు.

ఇందలి విశేషము గమనింపదగినది. యంత్రము లోకములోని వ్రాతలన్నిటి నుండి గాక, ఆసుపత్రి వైద్యులు ఆమోదించిన సమాచారము నుండియే సమాధానము కూర్చును. పిదప ఆ సమాధానమును వైద్యుడు చూచి, సరియైనదని ధ్రువపరచును, తప్పయినచో దిద్దును. ఆ సంగతి రోగికి తెలియజేయబడును. 49 మంది రోగులు, సహాయకులు, 4 గురు వైద్యులు, 2 సమన్వయకర్తలు పాల్గొనిన పరిశీలనలో తమకు నమ్మకము కలిగినది వైద్యుని ధ్రువీకరణ వలననే యని వాడినవారు చెప్పిరి. వైద్యునికి రోగికి నడుమ ఇది గోప్యతకు ఒక తెరగా ఉపకరించినదనియు తేలినది. యంత్రము నౌకరుగా నుండి, వైద్యుడు యజమానిగా నున్నచో మేలు కలుగునని దీనివలన గ్రహింపవలెను.

ప్రమాదము ఏ ద్వారమున వచ్చును?

మొదటి ద్వారము మన చేతిలోని ఫోనే. శిబిరపు పని త్వరగా ముగించుటకై ఒక కార్యకర్త రోగి చీటిని, ఆధార్ కార్డును ఫోటో తీసి, ఉచితముగా దొరకు చాట్ యంత్రమునకు పంపి, "దీనిని తెలుగున చెప్పుము" అని అడిగె ననుకొందము. ఆమె ఉద్దేశము మంచిదే. కాని ఆ కాగితము ఆ క్షణముననే ఎచ్చటనో నున్న ఒక సంస్థ కంప్యూటరునకు చేరినది. కొన్ని సంస్థలు, మనము వద్దని ఏర్పాటు చేసికొననిచో, అట్లు వచ్చిన వ్రాతలను యంత్రమునకు నేర్పుటకు వాడుకొనును. నేర్చినది యంత్రము పూర్తిగా మరచునా యన్నచో, మరచునని చెప్పలేము. జీపీటీ-2 అను పాత యంత్రమును నేర్పుగా ప్రశ్నించి, అది చదివిన వ్రాతలలోని వ్యక్తుల పేర్లను, ఫోను నంబర్లను పరిశోధకులు మరల బయటికి రాబట్టగలిగిరి. ఈ పరిశోధన 2021లో ప్రకటితమైనది.

రెండవ ద్వారము జాబితా. లారీ నడుపు ఒకనికి రాత్రి చూపు మందగించినదని శిబిరమున తేలినది. ఆ జాబితా ఊరి వాట్సాప్ గుంపునకు ఎక్కినది. మరునాడు అతని యజమాని బండి తాళము తీసికొనెను. చికిత్సతో బాగుపడవలసినవాడు పని పోయి ఇంట కూర్చుండెను. మరుసటి శిబిరమునకు ఆ ఊరి డ్రైవర్లు ఒక్కరును రారు. ఇది ఊహించి చెప్పిన కథయే గాని జరుగరానిది కాదు. రహస్యము బయటపడిన చోట ముందుగా నష్టపోవునది ఒక మనిషి. పిదప నష్టపోవునది ఊరి ఆరోగ్యము.

మూడవ ద్వారము మోసగాడు. ఎవరికి ఏ కంటికి ఆపరేషను కావలెనో తెలిసినవాడు, యంత్రముచే డాక్టరు గొంతును అనుకరింపజేసి, "పెద్దాయనా, మీ ఎడమ కంటి ఆపరేషను రేపే, లెన్సు సొమ్ము ఇప్పుడే పంపండి" అని ఫోను చేసినచో నమ్మనివారెవరు? గొంతు అబద్ధమైనను, ఎడమ కన్నన్న మాట నిజమగుటచే మనిషి నమ్మును.

నాల్గవ ద్వారము ఆసుపత్రి కంప్యూటరు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దుండగులు దాడి చేయగా, చాల దినములు చీటీలు చేతితో వ్రాసి పని నడుపవలసి వచ్చినది. దేశమునకు తలమానికమైన ఆసుపత్రికే ఇట్టి ఇబ్బంది కలిగెను. పాఠశాల వరండాలోని లాప్‌టాపునకు జాగ్రత్త మరింత అవసరము.

ఐదవది తప్పు సమాధానము. ఆపరేషను తరువాత కొన్ని వారములకు స్టీరాయిడు చుక్కల మందు ఇత్తురు. దానిని వైద్యుడు చెప్పిన గడువు మించి వాడినచో కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు అను జబ్బు కలుగవచ్చును. "కన్ను ఎర్రబడినది, అదే మందు వేయవచ్చునా?" అని అడిగినప్పుడు యంత్రము తొందరపడి "వేయవచ్చును" అన్నచో చూపునకే ముప్పు. ఈ కారణముననే 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన టెలిమెడిసిన్ మార్గదర్శకములు, కృత్రిమ మేధ తనంతట తాను రోగికి సలహా చెప్పరాదనియు, మందు వ్రాయరాదనియు, రిజిస్టరయిన వైద్యునికి తోడ్పడవచ్చు ననియు నిర్దేశించినవి.

చట్టము ఏమి చెప్పుచున్నది?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. పిదప 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలు అమలునకు వచ్చుటకు 18 నెలల గడువు ఇచ్చిరి. ఆ గడువు సంస్థలు సిద్ధపడుటకే గాని మనము ఏమరియుండుటకు కాదు.

చట్టమున సమ్మతికి గల అర్థమును సభ్యులు చక్కగా గ్రహింపవలెను. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై యుండవలెను. దేనికో స్పష్టముగా చెప్పి అడిగినదై యుండవలెను. సమాచారమును ఎందుకు తీసికొనుచున్నారో తెలుపు నోటీసును ఆంగ్లమున గాని, తెలుగుతో సహా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో గాని చదువుకొను వీలు కల్పింపవలెను. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులభముగా ఉపసంహరించుకొనవచ్చును. 18 సంవత్సరములు నిండని పిల్లల విషయమున తలిదండ్రుల సమ్మతి కావలెను. సమాచారమునకు తగిన రక్షణ కల్పింపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ప్రభుత్వ పథకములకును, ప్రాణాపాయ సమయములకును చట్టములో ప్రత్యేక ఏర్పాట్లు కలవు. అంతమాత్రమున అట్టి చోట్ల జాగ్రత్త అక్కరలేదని అర్థము కాదు.

వైద్యమున కృత్రిమ మేధను వాడుటకు భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకములను వెలువరించినది. విదేశములందును ఈ చర్చ జరిగినది. లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సుమారు 16 లక్షల మంది రోగుల వివరములను డీప్‌మైండ్ సంస్థకు ఇచ్చిన తీరు చట్టసమ్మతము కాదని 2017లో అచ్చటి సమాచార కమిషనరు తేల్చెను. ఆ వివరములు మూత్రపిండముల జబ్బును గుర్తించు పనికై ఇచ్చినవి. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున అడుగకుండ తీసికొనుట సరికాదని దీని నీతి.

పంచాయతీ చేయదగిన పనులు

ఆరోగ్యము, ఆసుపత్రులు రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన విషయములుగా పేర్కొనబడినవి. కావున ఈ క్రింది ఏర్పాట్లను పంచాయతీ సమావేశమున చర్చించి తీర్మానించుకొనుట మంచిది.

1. శిబిరమునకు పాఠశాలను గాని పంచాయతీ భవనమును గాని ఇచ్చుటకు ముందు ఐదు ప్రశ్నలకు వ్రాతమూలముగా సమాధానము తీసికొనవలెను: యంత్రము ఎవరిది? చిత్రములు ఎచ్చట నిలువయుండును? ఎంతకాలము ఉంచుదురు? యంత్రమునకు నేర్పుటకు వాడుదురా? పొరపాటు జరిగినచో బాధ్యుడెవరు, అతని ఫోను నంబరేమి?

2. సమ్మతి పత్రము తెలుగున ఉండవలెను. చదువురానివారికి చదివి వినిపింపవలెను. చికిత్సకు ఒక సమ్మతి, పరిశోధనకు వేరొక సమ్మతి యుండవలెను. రెండవదానికి వద్దన్నవారికి మొదటిది నిరాకరింపరాదు.

3. చిత్రముపై పేరునకు బదులు వరుస సంఖ్య వేసి, పేర్ల పుస్తకమును వేరుగా భద్రపరచవలెను.

4. జబ్బుల జాబితాను నోటీసు బోర్డుపై అంటించరాదు. వాట్సాప్ గుంపులలో పెట్టరాదు. ఫలితమును ఎవరిది వారికే చెప్పవలెను.

5. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎమ్.లు, పంచాయతీ ఉద్యోగులు రోగుల కాగితములను, ఆధార్ కార్డులను ఉచిత చాట్ యంత్రములకు పంపరాదు. జబ్బును గూర్చి తెలిసికొనవలసినచో పేరు, ఊరు, నంబరు లేకుండ సామాన్యముగా ప్రశ్నింపవలెను.

6. స్వంత ఫోనుతో రోగి కన్నును, ముఖమును ఫోటో తీయరాదు. తప్పనిసరియైనచో రోగి అనుమతితో తీసి, వైద్యునికి చేరిన వెంటనే తుడిచివేయవలెను.

7. యంత్రము చెప్పినదే తుది మాట కారాదు. చీటిపై దానిని ధ్రువపరచిన వైద్యుని పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఉండవలెను. యంత్రము "జబ్బు లేదు" అన్నను చూపు తగ్గుచున్నచో ఆసుపత్రికి పోవలసినదే.

8. ఆపరేషను పేర సొమ్ము అడుగు ఫోను వచ్చినచో పంపక, ఆసుపత్రి చీటిపై నున్న నంబరునకు తామే ఫోను చేసి విచారింపవలెనని ఊరంత చాటింపు వేయించవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫిర్యాదు చేయవలెను.

ఈ పనులలో ఏ ఒక్కదానికిని పెద్ద వ్యయము లేదు. ఒక పుస్తకము, ఒక తాళము, ఒక తీర్మానము, కొంత శ్రద్ధ చాలును.

సూళ్లూరుపేట పక్కననే శ్రీహరికోట కలదు. అచ్చట రాకెట్టు ఎగురుటకు ముందు ఒక్కొక్క భాగమును పలుమారులు సరిచూతురు. ఏదేని ఒకటి తేడాగా తోచినచో లెక్కపెట్టుటను మధ్యలోనే ఆపివేయుదురు. దానివలన శాస్త్రమునకు చిన్నతనము కలుగలేదు, నమ్మకము పెరిగినది. కంటి శిబిరమున సైతము అట్లే ఒక నిమిషము ఆగి ప్రశ్నించుట యంత్రమును కాదనుట కాదు. దానిని నమ్మదగినదిగా చేయుట.

ఆ అవ్వకు రెండు కన్నులను శుక్లము కమ్మినదని ఆనాడు తేలినది. ఆమె ఆపరేషనుకు ఒప్పుకొనెను. మరల ఆ ఊర శిబిరము జరుగునప్పుడు ఆమె వంటివారు మరికొందరు వచ్చి అదే ప్రశ్న వేయుదురు. "అవ్వా, నీ కన్ను బొమ్మ ఫలానా ఆసుపత్రికి పోవును. ఫలానా డాక్టరమ్మ చూచును. ఇంతకాలము ఉంచి పిదప తుడిచివేయుదురు. వద్దన్నచో ఇప్పుడే చెప్పవచ్చును" అని పక్కన కూర్చున్న పంచాయతీ సభ్యుడు తడుముకొనక చెప్పగలిగిన నాడు, ఈ పాఠము ప్రయోజనము నెరవేరినట్లు మేము భావింతుము.